హోప్ టౌన్ చాక్లెట్లు, రెండు పెట్టెలు

విశాఖపట్నం ఓడరేవులో సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ప్రయాణికులను లోపలికి పంపడం మొదలుపెట్టారు. ఓడ కదిలింది సాయంత్రం ఐదుకు. అండమాన్‌కు ఓడలో వెళ్ళదలచినవారు ఈ ఐదు గంటలను ముందే లెక్కలో వేసుకుని రెండు సీసాల నీళ్ళు, ఒక పూట భోజనం దగ్గర ఉంచుకోవడం మంచిది. టికెట్ మీద గమ్యస్థానం శ్రీ విజయపురం అని ముద్రించి ఉంటుంది. నాతోపాటు వరుసలో నిలబడినవారిలో ఒక్కరు కూడా ఆ పేరు పలకలేదు. అందరూ పోర్ట్ బ్లెయిర్‌కే వెళ్తున్నారు. రెండూ ఒకటే ఊరు.

నేను హోటళ్ళకు కాఫీ యంత్రాలు అమ్మే ఒక సంస్థలో సర్వీసు ఇంజనీరును. దీవుల్లోని హోటళ్ళు, రెస్టారెంట్ల వారి కోసం పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో రెండు రోజుల ప్రదర్శన ఏర్పాటయింది. మా అమ్మకాల విభాగంలో ఉన్న ఇద్దరికీ ఓడ పడదు కాబట్టి నన్ను పంపారు. నాతో నలభై ఆరు కిలోల యంత్రం, పన్నెండు కిలోల వేయించిన అరకు గింజలు పోసిన ఒక డబ్బా ఉన్నాయి. ఈ డబ్బా గురించి కొంత వివరంగా చెప్పాలి. ప్రయాణం ముగిసేసరికి యంత్రం కంటే దానికే ఎక్కువ పని పడింది. లోపల రేకు, బయట ప్లాస్టిక్, మధ్య రెండు అంగుళాల ఫోమ్, మూతకు రబ్బరు అంచు. బయట ముప్పై రెండు డిగ్రీలున్నా, లోపల రెండు ఐస్ ప్యాకులు పెడితే తొమ్మిది గంటల వరకు ఇరవై రెండు దాటదు. నేనే కొలిచాను.

మా సంస్థలో గింజల నాణ్యత చూసేవారికి ఏటా ముక్కు పరీక్ష ఉంటుంది. మూడు కప్పులు పెడతారు. రెండింటిలో ఒకే కాఫీ, ఒకదానిలో వేరేది. ఆ వేరేది ఏదో వాసన చూసి చెప్పాలి. నేను ఇంతవరకు తప్పలేదు. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు, తర్వాత అవసరమవుతుంది.

మంగళవారం ఉదయం ఏడున్నరకు క్యాంటీన్ వరుసలో, పూరీ కూపను చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా, నాకు ముందు నలుగురి అవతల ఉన్న ఒక స్త్రీ వెనక్కి తిరిగి, మీరు కాఫీ మనిషా అని అడిగారు. ఎలా తెలిసిందన్నాను.

"ఏటి తెలియడం భయ్యా? ఇక్కడిదాకా వాసనొస్తన్నారు."

నా చొక్కా కాలరు వాసన చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. అది ముందురోజు ఉతికిన చొక్కా.

ఆవిడ పేరు రత్నం. వయసు ముప్పై ఆరు. పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్‌లో పుట్టారు. తాత కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబం. షాదీపూర్‌లోని ఒక బడి వంటశాలలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నారు. రెండేళ్ళుగా ఇంట్లో చాక్లెట్లు చేసి పుట్టినరోజులకు అమ్ముతున్నారు. ఇప్పుడు అచ్చులు, ఇరవై కిలోల చాక్లెట్ దిమ్మలు కొనడానికి విశాఖ వచ్చి తిరిగి వెళ్తున్నారు. బంక్ హాల్లో ఏసీ గాలి నేరుగా తగిలే పరుపు మీద దిమ్మలను పడుకోబెట్టి, తాను కింద దుప్పటి పరుచుకున్నారు. నేను వెళ్తున్న ప్రదర్శనలోనే ఆవిడకూ ఒక బల్ల ఉంది. హేవలాక్ దీవిలోని ఒక రిసార్టు, అతిథుల దిండు మీద రోజూ ఒక చాక్లెట్ పెట్టాలని నిర్ణయించి, సరఫరా చేసేవారి కోసం వెతుకుతోంది. వాళ్ళ కొనుగోళ్ళ మేనేజరు ఆదివారం వచ్చి రుచి చూస్తారు.

"ఆర్డరొస్తే వంటశాల మానేస్తాను. రాకపోతే సోమవారం పొద్దున్న తొమ్మిదికి మళ్ళీ గరిటే. బడి పెద్ద మేడమ్ చెప్పేసింది, ఇంక ఛుట్టీ లేదని."

ఇంట్లో ఉన్న చాక్లెట్ కరిగించే మెషిన్‌ను ఏం చేస్తారని అడిగాను. ఆవిడ పూరీ తుంచుతూ, అప్పుడు దాన్ని చూడడం కూడా కష్టమే, అమ్మేస్తానన్నారు.

అరవై రెండు గంటల తర్వాత, గురువారం ఉదయం ఏడుకు పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో దిగాము. దీవుల్లో సూర్యుడు ఐదుకే వస్తాడు, గడియారం మాత్రం మనదే. కాబట్టి ఏడు గంటలకు చూడడానికి తొమ్మిదిన్నరలా ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు దీపాలు వెలుగుతాయి. కొత్తగా వచ్చినవారు మొదటి రెండు రోజులు భోజనాల వేళ తప్పుతారు. గోల్ ఘర్‌లో నాకు దొరికిన లాడ్జి శుభ్రంగా ఉంది. యజమాని తాళం ఇస్తూ, కుళాయి మూడు రోజులకోసారి వస్తుందని, డ్రమ్ము నిండుగా ఉందని, మర్యాదగా వాడమని చెప్పారు. శుక్రవారం హాల్లో యంత్రం బిగించి నీటి గొట్టం కోసం వెతికితే, నాకు కూడా ఒక డ్రమ్మే చూపించారు. ఆ తర్వాత రెండు రోజుల్లో యంత్రాన్ని చూసినవారంతా నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే ఊళ్ళో దీనికి ఏం పోస్తారని. మా కరపత్రంలో దానికి జవాబు లేదు.

శనివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి రత్నం, వారి తండ్రి ఎర్రయ్యగారు వచ్చారు. ఆయనకు అరవై దాటాయి. సొంత పడవ ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, భుజం మీద నీలం రంగు పెట్టె ఒకటి మోసుకొచ్చి, నా బల్ల పక్కనున్న బల్ల మీద రెండు చేతులతో దించారు. అది చేపలను ఐసులో పెట్టి బజారుకు తెచ్చే పెట్టె. చాక్లెట్లు ఫెర్రీలో, ఆటోలో కరగకుండా అందులో తెచ్చారు. చింతపండుతో ఒకసారి, నిమ్మకాయతో ఒకసారి, సబ్బుపొడితో ఒకసారి తోమినట్టు, ఆ క్రమంలోనే, ఆయన నాకు చెప్పారు.

పది నలభైకి ఒక చాక్లెట్ తిన్నాను. నల్లటి చాక్లెట్, లోపల కొబ్బరి, పైన రెండు ఉప్పు కణికలు. మెరుపు బాగుంది. విరిచినప్పుడు చప్పుడు సరిగ్గా ఉంది, అంటే కరిగించి చల్లార్చడంలో ఒక్క డిగ్రీ కూడా తప్పలేదు. నాలుగో సెకనుకు కొబ్బరి తెలిసింది. తొమ్మిదో సెకనుకు నీచు వాసన తగిలింది. సన్నగా, వెనకగా, కానీ స్పష్టంగా.

చాక్లెట్‌లో ఉండే కొవ్వు పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటుంది. ఈ విషయం నాకు తెలుసు. నాలుగు రోజుల పరిచయంలో ఒక మనిషికి ఇది ఎలా చెప్పాలో తెలియదు. రెండు గంటల సేపు గమనిస్తూ కూర్చున్నాను. వచ్చినవారు ఒక ముక్క తీసుకుని, బాగుందని తల ఊపి, రెండో ముక్క తీసుకోకుండా పక్క బల్లకు వెళ్ళిపోతున్నారు. రెండోది, మూడోది తీసుకున్నవారు కూడా కొందరున్నారు. వారంతా రత్నాన్ని పేరుపెట్టి పిలిచినవారే. హోప్ టౌన్ వారు.

ఒంటిగంటకు, ఆవిడ అన్నం డబ్బా తెరిచినప్పుడు, చెప్పాను. రత్నం ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించి, నాకేం తెలియడం లేదన్నారు. ఎర్రయ్యగారు రెండు తిన్నారు.

"ఇదేటి బాబూ? మా తమ్ముడి కూతురి పెళ్ళికి ఐస్‌క్రీమంతా ఈ పెట్టిలోనే తెచ్చినాం. ఒక్కడు నోరెత్తనేదు."

పెళ్ళికి ఎవరెవరు వచ్చారని అడిగాను.

"ఎవురొత్తారు? మనోళ్ళే. పడవలోళ్ళు."

వాదన కంటే కొలత మంచిది. పెట్టెలో పెట్టకుండా, మడత కాగితంలో చుట్టి రత్నం తన సంచిలో తెచ్చుకున్న ముక్కలు కొన్ని మెత్తబడి ఉన్నాయి. వాటిని, పెట్టెలోని వాటిని చిన్న తునకలుగా కోసి, మూడు పళ్ళేల పద్ధతిలో అమర్చాను. పళ్ళేల కింద అంకెలు రాశాను. తండ్రీ కూతుళ్ళు చెరి నాలుగుసార్లు ప్రయత్నించారు. ఆయన ఒక్కసారి సరిగ్గా చెప్పారు, అదీ ఊహించి చెప్పానని ఒప్పుకున్నారు. తర్వాత అవతలి బల్ల మీద జ్యూసు యంత్రాలు అమ్మడానికి చెన్నై నుంచి వచ్చిన వ్యక్తిని పిలిచాము. ఆయనకు ఏమీ చెప్పలేదు. మూడో పళ్ళెం దగ్గర ఆగి, హిందీలో, ఇందులో రొయ్యలు వేశారా అని అడిగారు.

రత్నం పళ్ళేలన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టారు. ఎర్రయ్యగారు లేచి వెళ్ళి పెట్టె మూత తీసి, లోపలికి తల పెట్టి, గట్టిగా పీల్చి, తిరిగి వచ్చారు.

"సబ్బు వాసనే," అన్నారు.

మర్నాటికి కొత్తవి చేయడానికి దిమ్మలు ఉన్నాయి, అచ్చులు ఉన్నాయి, ఇంట్లో తలుపులు బిగించిన ఏసీ గది ఉంది. లేనిది, వాసన లేని చల్లని పెట్టె. నా దగ్గరున్న డబ్బా ఇస్తానన్నాను. మిగిలిన గింజలను పాలిథీన్ సంచుల్లోకి మార్చి, డబ్బాను పొడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, లోపలికి తల పెట్టి వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఆ మాట రత్నానికి హామీగా చెప్పాను.

ఫీనిక్స్ బే జెట్టీ నుంచి హోప్ టౌన్‌కు ఫెర్రీ వెళ్తుంది. డబ్బా నాది కాబట్టి ఐస్ ప్యాకులు ఎలా అమర్చాలో చూపించడానికి నేనూ నాలుగు గంటల ఫెర్రీ ఎక్కాను. కుడివైపు నిలబడితే రేవు మొత్తం కనిపిస్తుంది. ఒడ్డున ఇళ్ళ మధ్య వలలు, తాళ్ళ మీద ఎండుచేపలు వరుసగా వేలాడుతున్నాయి. ఇంటికి చేరగానే వాసన బలంగా తగిలింది. రత్నం తల్లి కానాగంత చేపల పులుసు, వేడి అన్నం పెట్టారు. కాదంటే బాగుండదు, అదీగాక ఆకలిగా ఉంది. ఆ పులుసు గురించి ఒక్క వాక్యం రాయాలి. ఇంతకంటే మంచిది నేను తినలేదు. భోజనం ముగిసేసరికి బయట వాసన తగ్గింది. గాలి మళ్ళిందేమో అనుకున్నాను. ఆరున్నర ఫెర్రీలో తిరిగి వచ్చాను.

ఆదివారం పదకొండు ఇరవైకి రిసార్టు మేనేజరు వచ్చారు. కోల్‌కతా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మధ్యవయస్కురాలు. చేతిలో పుస్తకం, కలం. అప్పటికే రెండు బల్లల వద్ద చాక్లెట్లు రుచి చూసి వచ్చారు. రత్నం నా డబ్బా మూత తీసి పళ్ళెంలో మూడు పెట్టారు. ఆవిడ ఒకటి విరిచి, చెవి దగ్గర పెట్టుకుని విరుపు విని, నోట్లో వేసుకున్నారు. తర్వాత రెండోది తీసుకున్నారు. రెండు రోజుల్లో హోప్ టౌన్‌కు చెందని మనిషి రెండోది తీసుకోవడం అదే మొదలు.

ఇందులో కాఫీ ఎంత శాతం వేశారని హిందీలో అడిగారు.

రత్నం నా వైపు చూశారు. నేను డబ్బా మూతకున్న రబ్బరు అంచు వైపు చూశాను. ఐదేళ్ళుగా గింజలు మోసిన రబ్బరు. నేను దాన్ని వాసన చూసి, ఏమీ లేదని హామీ ఇచ్చాను.

రెండు శాతం అని చెబితే సరిపోయేది. మేనేజరు కలం తెరిచి అంకె కోసమే ఎదురుచూస్తున్నారు. రత్నం చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"కాఫీ వెయ్యలేదు మేడమ్," అన్నారు హిందీలోనే. "డబ్బా కాఫీది. అదే అంటుకుంది."

ఇంతవరకు ఫరవాలేదు. కానీ ఎర్రయ్యగారు నిజం సగంలో ఆపే మనిషి కాదు. నిన్నటివి చేపల పెట్టెలో తెచ్చామని, అవి బాగాలేవని ఈ భయ్యా అన్నాడని, తమకు మాత్రం అవే బాగున్నాయని చెప్పేశారు. రత్నం తండ్రి వైపు చూడలేదు. మేనేజరు నిన్నటివి ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఒకటి తిన్నారు. సీసాలోని నీళ్ళు సగం తాగారు. పుస్తకంలో ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు.

ఆ పావు నిమిషంలో రత్నం బల్ల మీది కాగితం పళ్ళేలను వరుసగా సర్దారు. తర్వాత చెదరగొట్టి మళ్ళీ సర్దారు.

నిన్నటివి ఎందుకు దాచలేదని మేనేజరు అడిగారు. అడిగారు కదా మేడమ్, అన్నారు రత్నం. మిగతా రెండు బల్లల వారినీ, మొన్న నమూనాగా పంపినవీ ఈరోజు పెట్టినవీ ఒకటేనా అని తాను అడిగితే, అన్నీ ఎప్పుడూ ఒకేలా ఉంటాయని చెప్పారట. దీవుల్లో ఏదీ ఎప్పుడూ ఒకేలా ఉండదని, చెడిందని ముందే చెప్పే మనిషి కావాలని ఆవిడ అన్నారు. వారానికి మూడు వందల చాక్లెట్ల ఆర్డరు, మొదటివి బుధవారం పడవకు. ఒకటే షరతు. ఈరోజు డబ్బాలో వచ్చినవాటి వాసనే ఉండాలి.

ఆవిడ వెళ్ళాక ఎర్రయ్యగారు ఒక ప్రశ్న వేశారు.

"అంటే బాబూ, డబ్బా నీదే కావాలా?"

దీనిని సాంకేతికంగా ఆలోచించాను. డబ్బా ఒక్కటే చాలదు. అడుగున గుడ్డసంచిలో కిలో గింజలు ఉండాలి. మూడు వారాలకు వాటి వాసన తగ్గుతుంది, అప్పుడు మార్చాలి. లెక్క వేసి ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆ విధంగా దీవుల్లో మా సంస్థ మొదటి అమ్మకం జరిగింది. యంత్రం కాదు. మూడు వారాలకు ఒక కిలో కాఫీ గింజలు, తాగడానికి కాదు, పెట్టెలో ఉండడానికి. మా ఆర్డరు ఫారంలో 'ఉపయోగం' అనే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలాను.

సోమవారం ఉదయం పదకొండుకు, వచ్చిన ఓడలోనే తిరుగు ప్రయాణం. పదిన్నరకు తండ్రీ కూతుళ్ళు హాడో రేవుకు వచ్చారు. రత్నం తొమ్మిదికి బడికి వెళ్ళి, వంటశాల తాళాలు, ఏప్రను ఇచ్చేసి వచ్చానన్నారు. పెద్ద మేడమ్ ఏమన్నారని అడిగాను.

"ఏటీ అన్లేదు. వెళ్ళిపోతావా అంది. అవును అన్నాను. చాక్లెట్లు చేస్తానంటే నవ్వింది. పదకొండేళ్ళు భయ్యా, ఆవిడ నవ్వడం ఇవాళే చూశాను."

ఆవిడ కూడా నవ్వారు, కానీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఎర్రయ్యగారు నీలం పెట్టె నా ముందు దించారు. నా డబ్బా వారి ఇంట్లో ఉండిపోయింది కాబట్టి, మిగిలిన గింజలు తీసుకెళ్ళడానికి ఈ పెట్టె నాకట. వద్దని రెండుసార్లు చెప్పాను. కొత్తగా తోమానని ఆయన రెండుసార్లు చెప్పారు. గింజలు పాలిథీన్ సంచుల్లో ముడివేసి ఉన్నాయి, నష్టం ఉండదని లెక్క వేసి తీసుకున్నాను. పెట్టెను బంక్ కింద, తలవైపు పెట్టుకున్నాను.

పక్క బంక్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేసి విరమించిన పోస్టుమాస్టరుగారు ఉన్నారు. అనకాపల్లిలో చెల్లెలిని చూడడానికి వెళ్తున్నారు. మొదటి రెండు రోజులు వాతావరణం గురించి, టపా గురించి మాట్లాడుకున్నాము. బుధవారం మధ్యాహ్నం ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాబూ, తప్పుగా అనుకోవద్దు. ఆ పెట్టెలో ఏ చేప?"

చేప కాదని, కాఫీ గింజలని చెప్పాను. ఆయన నన్ను కొంతసేపు జాలిగా చూశారు.

"చెప్పడం ఇష్టం లేకపోతే మానేయండి. నేనూ ముప్పై రెండేళ్ళు పార్సిళ్ళు చూసినవాణ్ణే."

మూత తీసి లోపలికి తల పెట్టి చూశాను. కాఫీ వాసన కూడా లేదు. ఏ వాసనా లేదు. ఆయన అనుమతితో మూడు కప్పుల పద్ధతిలో పరీక్ష పెట్టాను. రెండు కప్పుల్లో క్యాంటీన్ నుంచి తెచ్చిన కాగితం రుమాళ్ళు, ఒకదానిలో పెట్టె లోపల తుడిచిన రుమాలు. అంకెలు ఆయన రాశారు. నేను మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ తప్పాను. ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని మూడుసార్లూ సరిగ్గా చెప్పారు.

గురువారం తెల్లవారుజామున ఐదు దాటాక, విశాఖ దీపాలు కనిపించే వేళకు ఫోన్లో సిగ్నల్ వచ్చింది. రత్నం నుంచి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. తెలుగు రాయడం అంత బాగా రాదని ఆవిడ ఎప్పుడూ మాటే పంపుతారు. మొదటి మూడు వందలు బుధవారం హేవలాక్ పడవలో వెళ్ళాయి. ఒక్కటీ కరగలేదు. మేనేజరు మేడమ్ అందాయని ఫోన్ చేశారు. చివర్లో ఇలా ఉంది. "నాయన చాక్లెట్ గది పక్కన పడుకోడం మానేసినాడు భయ్యా. రాత్రంతా కాఫీ కంపంట. పడవలో పడుకుంటన్నాడు, అక్కడయితే ఏ వాసనా ఉండదని."

అండమాన్ ప్రయాణం మొత్తం మీద సుఖంగా ఉంటుంది. ఓడలో దుప్పటి, లాడ్జిలో మర్యాదగా వాడవలసిన డ్రమ్ము, ఫెర్రీలో కుడివైపు చోటు, ఇవి గుర్తుంచుకుంటే చాలు. ముక్కు విషయంలో నేను ఎవరికీ సలహా ఇవ్వలేను. ఈ ఏటి పరీక్షను ఒక నెల వాయిదా వేయమని సంస్థకు రాశాను.

పెట్టె భుజాన పెట్టుకుని రేవు గేటు వరకు నడిచాను. గేటు దగ్గరున్న మనిషి అందరి సామాన్లూ తెరిచి చూస్తున్నాడు. నేను దగ్గరకు రాగానే రెండడుగులు వెనక్కి వేసి, తెరవనక్కర్లేదని చెయ్యి ఊపి, చేపల రేవుకు ఎటు వెళ్ళాలో చూపించాడు.